ఆ బుట్ట మనదే అనుకున్నా

గెలిచే ఆటను ఓడగొట్టడానికి ఎంతమంది కావాలంటారు? పదిమంది అక్కర్లేదు, జట్టులో ఉండక్కర్లేదు, బంతి ముట్టుకోనక్కర్లేదు. నోరున్న ఆడమనిషి ఒకతె చాలు. ఎనభైల నడుమ, నరసరావుపేటలో, ఊరు ఊరంతా చూస్తుండగా నేను ఆ పని చేశాను. అదీ ఒకే ఒక్క కేకతో. ఆ కేక ఖరీదు రెండు పాయింట్లు, ఒక కప్పు, ఇంకాస్తయితే ఒక పిల్లాడి చదువు కూడా పోయేది. నా చదువు సంతకం వరకే గనక నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తంది. ఇప్పటికే రెండుసార్లు కలం కింద పెట్టి నవ్వింది. ఇంకా అసలు సంగతి రానేలేదు.

మా ఆయన లారీ డ్రైవరు. ఆయన పోయిన ఏడాదికి, కాలేజీ వెనక గోడకి ఆనుకుని ఉన్న రెండు గదుల్లో భోజనాల మెస్ పెట్టాను. నాకొచ్చిన విద్య వంట ఒక్కటే. రెండోది నోరు, దానికి సర్టిఫికెట్ అడిగినవాళ్లు లేరు. మా పెరటి గోడ ఒకచోట కూలి ఉండేది. ఆ సందులోంచి చూస్తే కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు కనపడేది. రెండు స్తంభాలు, వాటి మీద రెండు బోర్డులు ఉండాలట. మా కాలేజీకి ఒక్కటే ఉండేది. రెండోది ఏదో గాలివానకి పడిపోతే, ఆ ఇనప రింగు ఎవరింట్లోనో కుండకింద కుదురైపోయింది. అందుకని మా పిల్లలు రోజూ ఆ ఒక్క బోర్డు మీదే, మా గోడ పక్కనున్న దాని మీదే ఆడుకునేవాళ్లు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేనూ అప్పుడే గుర్తుపెట్టుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

జట్టు పిల్లలంతా నా దగ్గరే తినేవాళ్లు. కెప్టెన్ శీను అని, మిరపకాయ పిల్లాడు, పొట్టి, ఘాటు. వాడితో సహా అందరూ దూరం నుంచి బంతి వెయ్యటంలో మొనగాళ్లే. బుట్టలో పడితే సరే. పడకపోతేనే వచ్చేది తంటా. ఆ బంతి బోర్డుకి తగిలి తిరిగొస్తే దాన్ని రీబౌండు అంటారట. అది కిందికి దిగేటప్పటికి అవతలి జట్టులో తాడిచెట్టంత వాడొకడు చెయ్యి చాపి, మనం అటక మీద జాడీ తీసుకున్నట్టు తీసుకునేవాడు. మా పొట్టోళ్లు వాడి చంకల కింద ఎగురుతుండేవాళ్లు. ఓడిన రోజు రాత్రి భోజనాల దగ్గర ఏడుపు మొహాలు పెట్టేవాళ్లు గాని, సాంబారు మాత్రం ఇంకో చట్టి ఎక్కువ పట్టేది. ఓటమికి ఆకలెక్కువ, ఈ సంగతి మెస్ నడిపిన వాళ్లని ఎవరినైనా అడగండి.

వాళ్ల ఆటల మాస్టారిని పీడీ మాస్టారు అనేవాళ్లు. సన్నటి మనిషి, విజిలు మెళ్లో వేసుకునే అన్నం తినేవాడు. ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి, "కోటమ్మా, ఒక కొత్త మనిషిని తెచ్చా. ఇతనికి కొంచెం చూసి పెట్టు" అన్నాడు. ఆయన వెనక చూశాను. ఒక చొక్కా గుండీలు కనపడ్డాయి. ఇంకా పైకి చూశాను, గుమ్మం అడ్డమొచ్చింది. అంతలో ఆ మనిషి లోపలికి అడుగేసి దబ్బున నుదురు కొట్టుకున్నాడు. మా గుమ్మం మీది పసుపు కుంకుమలు వాడి నుదుటికి అంటుకున్నాయి.

"పేరేందయ్యా?" అన్నాను.

"మస్తాను, పిన్నమ్మా" అన్నాడు వంగి, గుమ్మాన్ని క్షమించమన్నట్టు తడుముతా.

పిడుగురాళ్ల పక్క, సున్నపు బట్టీల్లో రాళ్లు మోసే సాయిబుల పిల్లాడు. ఆరడుగుల మీద ఇంకో అయిదంగుళాలు. ఇంటర్ పాసై ఇంట్లో కూర్చుంటే, బస్సు కోసం నిలబడ్డ పీడీ మాస్టారి కళ్లబడ్డాడు. మాస్టారు ఆ బస్సు వదిలేసి వాళ్ల నాయిన కాళ్లు పట్టుకున్నంత పని చేసి, మా ప్రిన్సిపాలు గారిని ఒప్పించి, ఆటగాళ్ల కోటాలో ఫీజు లేకుండా బీకాంలో చేర్పించాడు. కాని ప్రిన్సిపాలు గారు ఒక మెలిక పెట్టారు. గుంటూరు కాలేజీ వాళ్లతో మన ఊళ్లో పోటీ ఉంది, ఆ పోటీలో ఈ పిల్లాడు పనికొస్తాడని తేలితేనే సీటు. లేదా, వచ్చిన బస్సే ఎక్కాలి.

"ఎక్కితే ఏమవుద్ది?" అని ఒకరోజు అన్నం వడ్డిస్తా మస్తాన్ని అడిగాను.

"ఏం కాదు పిన్నమ్మా, బట్టీలో పనుంది. మొన్న ఇంటికి పోతే మా నాయిన నా చొక్కా పట్టుకుని చూశాడు. మా ఇంట్లో అందరి చొక్కాలూ తెల్లగానే ఉంటాయి, సున్నం పట్టి. ఇది సబ్బుతో తెల్లబడిందిరా అని మా అమ్మని పిలిచి చూపించాడు." అంతే చెప్పి ముద్ద కలుపుకున్నాడు. నేను ఇంకో గరిటె నెయ్యి వేశాను. నాకు తెలిసిన ఓదార్పు అదే.

ఇంతెత్తు మనిషి వచ్చాడు గదా, ఇక బంతులన్నీ మనవే అనుకున్నారు అందరూ. నేను గోడ సందులోంచి చూస్తే జరిగేది వేరు. బంతి బోర్డుకి తగిలి మస్తాను నెత్తి మీదికే వచ్చేది. వీడు చెయ్యెత్తేవాడు. అంతలో ఎవరో ఒక పొట్టోడు పరిగెత్తుకుంటా వచ్చేవాడు. వీడు వాడికి దారిచ్చి పక్కకి తప్పుకునేవాడు. గుళ్లో తీర్థం వరస అనుకున్నాడేమో.

పీడీ మాస్టారు విజిలు ఊది ఊది బుగ్గలు నొప్పెట్టి, "ఎందుకు తప్పుకుంటావురా?" అని అరిచేవాడు.

"ఎదురొస్తన్నారు గదా సార్."

"వస్తే?"

"బట్టీలో ఎవరైనా ఎదురొస్తే తప్పుకోవాల సార్. బరువుతో వచ్చేవాడిదే దారి. తప్పుకోకపోతే ఇద్దరి కాళ్లూ పోతాయి."

అదీ సంగతి. చిన్నప్పటినుంచీ రాళ్ల తట్టలకి దారిచ్చి పెరిగినవాడు. ఎవడు పరుగెత్తుకొచ్చినా వాడి నెత్తిన రాయి ఉందనే అనుకునేవాడు. మాస్టారు నల్లబల్ల మీద గీతలు గీశాడు, గుండ్రాలు చుట్టాడు, బాణాలు వేశాడు. మస్తాను బుద్ధిగా అవన్నీ నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాడు. కోర్టులోకి దిగాక మళ్లీ తప్పుకున్నాడు.

ఇక నా తెలివి మొదలయ్యేది ఇక్కడ. ఒకనాడు తెల్లారి నాకు నడుం పట్టేసింది. "బాబూ, నాలుగు బిందెలు నీళ్లు పట్టుకొస్తావా" అని మస్తాన్ని మా వీధి పంపు దగ్గరికి పంపించాను. అప్పట్లో మా పేటలో మున్సిపాలిటీ నీళ్లు పొద్దున్నే గంటసేపు వచ్చేవి. ఆ గంటలో పంపు దగ్గర జరిగే యుద్ధాలు పల్నాటి చరిత్రలో ఎవరూ రాయలేదు గాని రాయాల్సింది. అరగంటైంది, ముప్పావు గంటైంది, వీడు రాలేదు. నడుం పట్టుకుని ఎళ్లి చూద్దును గదా, పంపు చుట్టూ ఎనిమిది మంది ఆడోళ్లు, వాళ్ల వెనక టెలిఫోన్ స్తంభంలాగా మా మస్తాను, రెండు చేతుల్లో నాలుగు ఖాళీ బిందెలు.

"ఏందిరా ఇది?"

"వాళ్లకి తొందరంట పిన్నమ్మా."

మా పక్కింటి నాగరత్నం తన మూడో బిందె పెడతా, "మంచి పిల్లాడొదినా. రేపట్నించి వీణ్ణే పంపు" అంది.

ఆ మాటకి నా నడుం నొప్పి ఎటుపోయిందో పోయింది. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి లోపలికి దిగాను. రెండు నిమిషాల్లో నా నాలుగు బిందెలూ నిండాయి. మస్తాను నోరు తెరుచుకుని చూస్తన్నాడు. బిందెలు మోసుకుంటా ఇంటికొచ్చేటప్పుడు అడిగాడు.

"పిన్నమ్మా, నువ్వు ఎవరినీ నెట్టలేదు, తిట్టలేదు. వాళ్లెట్టా ఆగారు?"

అదే వాడు జన్మలో అడిగిన మొదటి మంచి ప్రశ్న. అప్పటికప్పుడు పెరట్లో పాఠం పెట్టాను. బిందె ఒకటి నేలమీద పెట్టి, "ఇది పంపు. నువ్వు నాగరత్నానివి. నన్ను దాటుకుని దీన్ని ముట్టుకో చూద్దాం" అన్నాను.

వాడు కుడినించి వచ్చాడు. నేను వీపు తిప్పి కూర్చున్నట్టు వంగాను. ఎడమనించి వచ్చాడు. నడుం అటు జరిపాను. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, నా వెనక గోడకి కొట్టిన మేకులాగా ఉండిపోయాడు. వాడి చేతులు బిందెదాకా వస్తాయిగాని మనిషి రాడు.

"చూశావా. ఒకటి, నీళ్లు వచ్చినాక పరిగెత్తితే బురద మిగులుద్ది. రాకముందే చోటు పట్టుకో. అవతలి మనిషికి వీపు చూపించు, మొహం చూపించావంటే మొహమాటం పుడుద్ది, నీకది మరీ ఎక్కువ. ఆమె ఎటుందో కళ్లతో వెతకమాక, నడుంకి తెలుస్తది. మోకాళ్లు వంచి కాళ్లు వెడల్పు చేసి, చూపు పంపు మీదే పెట్టు. ఇంకో మాట. నీళ్లన్నీ నువ్వే పట్టాలని లేదు. నువ్వు అవతలోళ్లని రానీకుండా ఉంటే చాలు, మన పక్కోళ్లెవరో బిందె పెట్టుకుంటారు. అదీ మనదే."

"మరి వాళ్ల నెత్తిన బరువుంటే?"

"ఖాళీ బిందెతో వచ్చేవాళ్లకి దారేందిరా. అవతలి పిల్లాడి చేతిలో బంతి ఉందా? లేదు. ఖాళీ చేతుల్తో వస్తన్నాడు. ఇంకెందుకు తప్పుకోవటం?"

ఆ ఒక్క ముక్క వాడి బుర్రలోకి దిగింది. కళ్లు చిట్లించి కాసేపు ఆలోచించి, "నిజమే పిన్నమ్మా, ఖాళీగానే వస్తన్నారు" అన్నాడు, జీవితమంతా తనని ఎవరో మోసం చేసినట్టు. ఆరోజునుంచి వారం రోజులు, శీనుని, తక్కిన పిల్లల్ని పొద్దున్నే మా పెరట్లోకి పిలిపించి, బిందెకి కాపలా పెట్టాను. వాళ్లు మీద పడతారు, వీడు వీపుతో ఆపుతాడు. నా కేకలు రెండే, "ఎయ్" అంటే బిందెలో చెంబు ఎయ్యాలి, "ఆగు" అంటే ఆగాలి. నా గొంతు వింటే వాడి చేతులు వాటంతట అవే లేచేవి. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

తరవాత కోర్టులో మీరు చూడాల్సింది. బంతి గాల్లో ఉండగానే మస్తాను వెనక్కి తిరిగి కూర్చున్నట్టు వంగేవాడు. వాడి వీపు వెనక ముగ్గురు తన్నుకులాడేవాళ్లు. బంతి వచ్చి వాడి చేతుల్లో పడేది, లేదా నేలమీద పడితే శీను ఎలుకలాగా దూరి తీసుకునేవాడు. ఆ బోర్డు కింద బంతి వాడికి దొరికిందంటే మళ్లీ పైకెత్తి ఆ బుట్టలోనే వేసేవాడు. రోజూ అదే బోర్డు, అదే బుట్ట, అదే వెయ్యటం.

పీడీ మాస్టారు మెస్సుకొచ్చాడు. "కోటమ్మా, వీడికేం పెడుతున్నావు?"

"అన్నమే మాస్టారూ."

"ఇది అన్నంతో వచ్చేది కాదు. దీన్ని ఇంగ్లీషులో బాక్సౌట్ అంటారు. మూడు నెలలు గీసి గీసి చెప్పా, ఎక్కలేదు."

"గీస్తే ఎక్కదు మాస్టారూ. పంపు దగ్గర బురదలో జారితే ఎక్కుద్ది."

ఆయన నవ్వి, తరవాత కొంచెం ఇబ్బందిగా, "అంతా బాగుందిగాని, గిల్లొద్దని చెప్పు. నిన్న ఇద్దరు పిల్లలు నడుం చూపించారు" అన్నాడు.

ఆ పాఠం నేను చెప్పినమాట నిజమే. పంపు దగ్గర అది లేకుండా గడవదు. మస్తాన్ని పిలిచి రద్దు చేశాను.

మాస్టారు మెచ్చుకున్నాక నా తలకాయ నూనెలో పూరీలాగా పొంగింది. కూరగాయల బజార్లో వంకాయలు ఏరుకుంటా, "ఈసారి మా జట్టు చూడండి" అని అంగళ్లవాళ్లకి చెప్పేదాన్ని. మా జట్టంట. నేను ఒక్క ఆట కూడా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. గోడ సందులోంచి, పోపు మాడేలోపు ఎంత కనపడితే అంతే నా బాస్కెట్‌బాల్.

పోటీ రోజు వచ్చింది. కోర్టుకి సున్నంతో కొత్త గీతలు వేశారు. ముందురోజే రెండోవైపు కొత్త స్తంభం పాతి కొత్త బోర్డు కట్టారు. గుంటూరు నుంచి బస్సులో వాళ్లు దిగారు, అందరూ ఒకే రంగు బూట్లు. మన ప్రిన్సిపాలు గారు ముందు వరసలో కుర్చీ వేసుకున్నారు. ఆయన పక్కనే గుంటూరు జట్టు మాస్టారు, బొద్దుగా, నల్లకళ్లద్దాలతో. నేను రెండు జట్లకీ భోజనాలు ఒప్పుకున్నాను గనక పొయ్యి మీద పెద్ద గుండిగలో ఎసరు పెట్టి, బియ్యం పోసి, నాగరత్నాన్ని వెంటబెట్టుకుని, మా గోడ పక్కనున్న పాత బోర్డు వెనకాల చాప పరుచుకుని కూర్చున్నాను.

"వదినా, ఎటు పడితే మనది?" అంది నాగరత్నం.

"అది తెలియకుండానే వచ్చావా? ఇదే మనది. రోజూ మన పిల్లలు వేసేది ఈ బుట్టలోనే. ఆ కొత్తది వాళ్లకోసం కట్టారు. చుట్టాలొస్తే కొత్త చాప వెయ్యమా."

దేవుడు నన్ను అక్కడే ఆపాల్సింది. ఆపలేదు. ఎందుకంటే మొదటి సగం నేను చెప్పినట్టే జరిగింది. మన పిల్లలు పాత బుట్టలో వేస్తన్నారు, గుంటూరోళ్లు కొత్త బుట్టలో వేస్తన్నారు. మస్తాను రెండువైపులా బోర్డుల కింద బండరాయిలాగా పాతుకుపోయాడు. గుంటూరు జట్టులో ఒక పొడుగాటి పిల్లాడు వాడి వీపుని ఢీకొట్టి ఢీకొట్టి, ఆఖరికి ఆనుకుని నిలబడి చెమట తుడుచుకున్నాడు. ప్రిన్సిపాలు గారు కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నారు. మనం ఎనిమిది పాయింట్లు పైన ఉన్నాం. నాగరత్నం నా భుజం మీద చరిచి, "మన పంపు గొప్పతనమొదినా" అంది.

సగం ఆటైంది, విజిలు ఊదారు. నాకు పొయ్యి గుర్తొచ్చింది. "ఇదిగో, చాప మీదనుంచి లేవమాక, చోటు పోద్ది. అన్నం చూసొస్తా" అని లేచి పరిగెత్తాను.

అన్నం పొంగి పొయ్యి ఆరిపోయింది. మళ్లీ రాజేసి, ఊది, గంజి వార్చి, కిందికి దించి, చేతులు తుడుచుకుని వచ్చేటప్పటికి ఆట ఆఖరికొచ్చేసింది. జనమంతా నిలబడి ఉన్నారు. తోసుకుని నా చాప మీదికి వచ్చి చూశాను. గుంటూరోళ్లు మన బుట్టలో బంతులు వేస్తన్నారు.

"ఏమే నాగరత్నం, ఏందే ఇది?"

"ఏమో వదినా. నువ్వు అటు ఎళ్లావు, విజిలు ఊదారు, వాళ్లొచ్చి ఇటు నిలబడ్డారు. మనోళ్లు అటు పోయారు."

"నువ్వు చూస్తా కూర్చున్నావా?"

"నేనేం అంటానొదినా. వాళ్లు పదిమంది."

మీరు ఆటలు తెలిసినవాళ్లు. సగమయ్యాక వైపులు మార్చుకుంటారని మీకు పుట్టుకతోనే తెలుసేమో. నాకు తెలిసింది పంపు. పంపు దగ్గర వరసలో బిందె పెట్టి, ఒక్క నిమిషం పొయ్యి చూసొద్దామని ఇంట్లోకి ఎళితే, తిరిగొచ్చేటప్పటికి మన బిందె జరిపి వాళ్ల బిందె పెడతారు. పదేళ్లుగా నా బతుకులో ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. నేను పొయ్యి దగ్గరికి ఎళ్లిన సందు చూసి, గుంటూరోళ్లు మన బుట్ట ఆక్రమించారు. ఇందులో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

"ఎంతలో ఉన్నాం?" అన్నాను.

"ఒక్కటి ఎక్కువంట మనకి. ఇంక నిమిషం కూడా లేదంట."

అప్పుడే గుంటూరోడొకడు దూరంనించి వేశాడు. బంతి రింగు మీద పడి, అటూ ఇటూ దొర్లి, బయటికి జారింది. మస్తాను అప్పటికే వీపు తిప్పి వంగి ఉన్నాడు. వాడి వెనక ముగ్గురు గుంటూరోళ్లు సంతలో గేదెల్లాగా తోస్తన్నారు, వాడు కదల్లేదు. ఎగరను కూడా లేదు. చేతులెత్తాడు, బంతి వచ్చి కూర్చుంది. అంత ముద్దుగా పట్టిన బంతిని నేను మళ్లీ చూడలేదు. ఊరంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంది. వాడు ఆ బంతిని అట్టా గుండెకి హత్తుకుని నిలబడినా చాలు, గెలిచేవాళ్లం.

వాడు బంతి పట్టుకుని అటువైపు, శీను కోసం చూస్తన్నాడు. నాకది ఎట్టా కనపడిందంటే, ఆక్రమించిన పంపుని తిరిగి పట్టుకుని కూడా బిందె పెట్టకుండా మొహమాటపడుతున్నట్టు.

"మస్తానూ," అని గొంతు చించుకున్నాను, "మళ్లీ తప్పుకుంటావేందిరా. మన బుట్ట నీ నెత్తి మీదే ఉంది. ఎయ్."

వాడు వేశాడు.

పాపం వాడి తప్పేముంది. ఆ బోర్డు కింద, నా గొంతు విని, ఇన్నాళ్లుగా వాడు చేసిందే చేశాడు. చేతులు వాటంతట అవే లేచాయి. బంతి బోర్డుని ముద్దుపెట్టుకుని బుట్ట నట్టనడుమలోంచి జారింది.

కోర్టు మొత్తం నిశ్శబ్దం. గుంటూరోళ్లు కూడా చప్పట్లు కొట్టలేదు, కొట్టాలో వద్దో వాళ్లకి తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. గట్టిగా, చేతులు పైకెత్తి మరీ కొట్టాను. నన్ను చూసి నాగరత్నం కూడా కొట్టింది. తరవాత విజిలు మోగింది. ఒక్క పాయింటుతో ఆట పోయింది.

పీడీ మాస్టారు మా చాప దగ్గరికి నడుచుకుంటా వచ్చాడు. మెళ్లో విజిలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కోటమ్మా, ఎందుకు అరిచావు?"

"వాళ్లు మన బుట్ట ఆక్రమించారుగా మాస్టారూ. నేను అన్నం చూసొచ్చేలోపు."

ఆయన చాప అంచున కూర్చుండిపోయాడు. విజిలు చాప మీద పెట్టి, "సగంలో వైపులు మారతాయమ్మా. రెండో సగంలో ఇది వాళ్ల బుట్ట" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఆట కనిపెట్టినవాళ్లు."

నాగరత్నం నా వంక ఒకసారి చూసి, చాపలో తన సగం మడిచి, నేను ఈమెతో రాలేదన్నట్టు నాలుగడుగులు దూరం జరిగింది. నేను కోర్టు వైపు చూశాను. మస్తాను లేడు. శీను వచ్చి, "హాస్టల్‌కి పోయాడు పిన్నమ్మా, సంచీ సర్దుకుంటన్నాడు" అన్నాడు. అప్పుడు నా పూరీ తలకాయలోంచి గాలంతా పోయింది. ఒక ఆట పోతే పోయింది, మళ్లీ ఆడుకుంటారు. కాని సబ్బుతో తెల్లబడ్డ ఆ చొక్కా మళ్లీ సున్నంలోకి పోతుంది. నా నోటి మూలాన.

ప్రిన్సిపాలు గారి గదిలోకి నేను ఎప్పుడూ ఎళ్లలేదు. ఆ రోజు మసిగుడ్డ భుజాన వేసుకునే ఎళ్లాను. లోపల ఆయన, గుంటూరు మాస్టారు టీ తాగుతున్నారు. నా వెనకే పీడీ మాస్టారు పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యా, ఆ పిల్లాడి తప్పు లేదు. ఆ బుట్ట మనదే అనుకున్నా. నేను వెయ్యమన్నా, వాడు వేశాడు. పెద్దోళ్ల మాట విన్నాడు, అంతే. పంపాల్సి వస్తే నన్ను పంపండి. బట్టీలో పని నేను చేస్తా" అన్నాను.

ప్రిన్సిపాలు గారు టీ కప్పు సాసర్లో పెట్టారు. "అరిచింది నువ్వా? మేం గుంటూరోళ్ల మనిషెవరో అనుకున్నాం."

నేను తల దించుకున్నాను. అంతలో గుంటూరు మాస్టారు నల్లకళ్లద్దాలు తీసి గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీరు ఆ పిల్లాణ్ణి పంపించేసేట్టుంటే మాకివ్వండి."

"ఏందీ?"

"రెండో సగంలో ఆ బోర్డు కింద మావాళ్లకి తిరిగొచ్చిన బంతి ఒక్కటి దొరకలేదు. మా పొడుగువాడు వాడి వీపు తప్ప ఇంకేమీ చూడలేదంట. ఆ పిల్లాడికి మా కాలేజీలో సీటు, హాస్టలు, అన్నీ నేను చూసుకుంటా. ఎట్టాగూ ఆఖరి రెండు పాయింట్లూ మాకే వేశాడు. సగం మావాడే అనుకోండి."

ప్రిన్సిపాలు గారి మీసం కదిలింది. అది కోపమో నవ్వో నాకు తెలియలేదు. ఆయన పీడీ మాస్టారి వైపు తిరిగారు. "ఆ అబ్బాయి ఎక్కడున్నాడు?"

"సంచీ సర్దుకుంటున్నాడు సార్."

"విప్పమని చెప్పండి. డిగ్రీ అయ్యేదాకా కట్టొద్దని చెప్పండి." తరవాత నా వంక తిరిగి, "నువ్వు మాత్రం ఆటలకి రావద్దు" అన్నారు.

హాస్టల్‌కి నేనే పరిగెత్తాను. మస్తాను మంచం మీద సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు, అలవాటు కొద్దీ పక్కకి తప్పుకున్నాడు. "ఖాళీ చేతుల్తోనే వచ్చాన్రా, తప్పుకోమాక" అని సంచీ లాక్కుని చొక్కాలన్నీ మంచం మీద కుమ్మరించాను. వాడు ఒక్కొక్కటీ మళ్లీ మడిచి పెట్టెలో పెట్టుకుంటా, "నువ్వు అరవగానే వేశాను పిన్నమ్మా. వేసినాక గుర్తొచ్చింది, బుట్ట వాళ్లదని" అన్నాడు.

"నాకు అప్పుడు కూడా గుర్తు రాలేదురా, చప్పట్లు కొట్టాను" అన్నాను. అప్పుడు నవ్వాడు.

ఆ రాత్రి రెండు జట్లూ నా మెస్సులో వరసగా కూర్చున్నాయి. విస్తళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేను సాంబారు బక్కెట్టు పట్టుకుని తల దించుకుని వస్తన్నాను. శీను దగ్గరికొచ్చేటప్పటికి వాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"పిన్నమ్మా, ఈ సాంబారు మనదా, వాళ్లదా?"

అవతల గుంటూరు పిల్లాడొకడికి పొలమారింది. ఆ తరవాత ఎవరు ఎవరి జట్టో తెలియకుండా నవ్వారు. మస్తాను నవ్వుతా వెనక్కి వాలితే మా గోడ గూట్లో ఊరగాయ జాడీ కిందపడింది. ఆరోజునుంచి నరసరావుపేటలో నేను ఏ అంగట్లోకి ఎళ్లినా, "ఏ బుట్ట కావాలి కోటమ్మత్తా" అని అడగటం రివాజైపోయింది. నాగరత్నమైతే పంపు దగ్గర నా బిందె జరిపి, "సగమైంది వదినా, వైపులు మారాయి" అనేది. నేను బిందె తీసుకుని వరస చివరికి జరిగాను, పదేళ్లలో మొదటిసారి.

మరుసటేడు గుంటూరు ఎళ్లి మా పిల్లలు ఆ కప్పు తెచ్చుకున్నారు. నేను పోలేదు. మెస్సులోనే కూర్చుని, ఏ బుట్ట ఎవరిదైనా గాని దేవుడా, పడేది మనదై ఉండాలని దణ్ణం పెట్టుకున్నాను. మస్తాను డిగ్రీ పూర్తి చేసి, తరవాత తనూ ఆటల మాస్టారే అయ్యాడు. వాళ్ల బడి పిల్లలకి మొదటిరోజు బంతి ఇవ్వడంట, బిందె ఇస్తాడంట. వీపు తిప్పటం, నడుం వంచటం అన్నీ నేర్పినాక ఆఖరికి ఒక మాట చెబుతాడంట. "ఆటలో ఎవరి కేకైనా వినండి, మా పిన్నమ్మ కేక తప్ప."

అందుకని, ఈ కాగితం మీద మా మనవరాలు రాస్తుండగా, కోటప్పకొండ దేవుడి సాక్షిగా, మా వీధి పంపు సాక్షిగా, పంపు ఇప్పుడు లేదు గనక అది ఉన్నచోటి సాక్షిగా ప్రమాణం చేస్తన్నాను. ఇకమీదట ఏ ఆట చూసినా ముందు మన బుట్ట ఏదో అడిగి కూర్చుంటాను. సగమయ్యాక ఇంకోసారి అడుగుతాను. నోట్లో కొంగు కుక్కుకుంటాను. అన్నిటికన్నా ముఖ్యంగా, సగం ఆటలో లేచి పొయ్యి దగ్గరికి ఎళ్లను. అన్నం మాడితే మాడనీ.